మొదటిసారి నాకౌట్ చిట్టెలుకతో పనిచేసేవాళ్లకు

పోయినేడు జూన్‌లో ప్రాజెక్టు కోసం ఒక ఎమ్మెస్సీ అమ్మాయి వచ్చింది. చేతిసంచి కింద పెట్టకముందే అడిగింది: "మేడం, మన దగ్గర ఫిట్స్ వచ్చే ఎలుకలున్నయట కదా, సరస్వతి ఆకు రసం ఇచ్చి తగ్గుతయా చూద్దామా?" ప్రశ్న మంచిదే. కానీ మొదటి ఎలుకకు మొదటి మందు చుక్క పట్టే రోజు రావడానికి మాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో ఏం చేశామో రాస్తే, ఇదే పనిలోకి, అంటే ఒక జన్యువును తీసేసిన (నాకౌట్) ఎలుకలతో పనిలోకి, దిగబోయే జువాలజీ, బయోటెక్, ఫార్మసీ పిల్లలకు పనికొస్తుంది.

నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఎలుకల గదుల్లో పనిచేశాను. ఇప్పుడు హనుమకొండలో ఒక కాలేజీ యానిమల్ హౌస్ చూసుకుంటున్నాను. మా ఊరు ఎల్కతుర్తి దగ్గర. ఈ పనిలోకి వచ్చింది మా చిన్నమ్మ కొడుకు వల్ల. వాడికి ఏడో నెలలో జ్వరంతో మొదలైన ఫిట్స్, తర్వాత ఏ జ్వరమొచ్చినా వచ్చేవి. ఎండాకాలం వాణ్ని బస్టాండుకు తీసుకుపోవాలన్నా చిన్నమ్మ నెత్తిమీద తడిగుడ్డ వేసి ఎత్తుకునేది. ఒక మందు మొదలుపెట్టాక ఫిట్స్ తగ్గకపోగా పెరిగాయి. వాడికి జన్యు పరీక్ష ఎవరూ చేయించలేదు, కాబట్టి వాడి జబ్బు ఫలానా అని నేను పేరు పెట్టను. కానీ ఎస్‌సీఎన్1ఎ అనే జన్యువు గురించి మొదటిసారి చదివినప్పుడు నా కళ్లముందు కనపడింది వాడే.

ముందు ఆ జన్యువు సంగతి. పసిపిల్లల్లో జ్వరంతో మొదలై మొండికేసే ఒక రకం మూర్ఛను ఫ్రాన్స్ డాక్టర్ షార్లెట్ డ్రావే 1978లో వివరించారు. ఇప్పుడు దాన్ని డ్రావే సిండ్రోమ్ అంటున్నాం. దానికి మూలం ఎస్‌సీఎన్1ఎ జన్యువులో లోపమని 2001లో తేలింది. ఈ జన్యువు నరకణం గోడలో సోడియం లోపలికి వచ్చే ఒక దారిని తయారుచేస్తుంది. ఆ దారి తెరుచుకుంటేనే కణం సంకేతం పంపగలదు. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో ఒకటి చెడితే దారులు తగ్గుతాయి. అట్లయితే మెదడు మందగించాలి కదా, ఫిట్స్ ఎందుకు రావాలి?

ఈ చిక్కుముడి విప్పింది చిట్టెలుకే. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విలియం కాటరాల్ బృందం ఈ జన్యువు ఒక ప్రతి తీసేసిన ఎలుకలను తయారుచేసి, 2006లో ఫలితం చెప్పింది. ఉత్సాహపరిచే పెద్ద కణాల్లో సోడియం ప్రవాహం దాదాపు మామూలుగానే ఉంది. తగ్గింది నిరోధక కణాల్లో, అంటే పక్క కణాలను అదుపులో పెట్టే చిన్న కణాల్లో. అదుపు చేసేవే నీరసపడితే మిగతావి చెలరేగిపోతాయి. సోడియం దారులను మూసే కార్బమజెపిన్, లామోట్రిజిన్ లాంటి మందులు ఈ పిల్లల్లో ఫిట్స్‌ను ఎందుకు పెంచగలవో అప్పుడు అర్థమైంది: అవి ఇప్పటికే నీరసంగా ఉన్న కణాలను ఇంకా అణిచేస్తాయి. (మీ ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే ఇది చదివి ఆపకండి. మిగతా మూర్ఛల్లో ఎందరికో ఇవి బాగా పనిచేస్తాయి. సందేహముంటే న్యూరాలజిస్టునే అడగండి.)

పెట్రీ డిష్‌లో కణాలు ఫిట్స్ తెచ్చుకోవు. జ్వరమూ రాదు, నిద్రలో చనిపోవడమూ ఉండదు. చిట్టెలుక కావలసింది అందుకే. మీ ప్రశ్నకు కణాలే సరిపోయేటట్టుంటే ఎలుక జోలికి పోవద్దు. ఎథిక్స్ కమిటీకి పెట్టే దరఖాస్తులో అన్నిటికంటే ముందు మీరు జవాబు చెప్పుకోవలసింది దీనికే.

ఏ రకం ఎలుక?

జన్యువును పుట్టుకనుంచే, ఒళ్లంతా తీసేస్తే అది మామూలు నాకౌట్. 1989లో మొదటి నాకౌట్ ఎలుకలు వచ్చాయి. ఆ పద్ధతికే కాపెకీ, ఎవాన్స్, స్మిథీస్‌లకు 2007లో నోబెల్ ఇచ్చారు. బయటి జన్యువును అదనంగా చేరిస్తే ట్రాన్స్‌జెనిక్. ఉన్న జన్యువులోనే రోగిలో కనపడిన అక్షరం మార్పును దించితే నాక్-ఇన్. 2013 నుంచి, జన్యువును కోరినచోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో ఇవన్నీ తొందరగా అవుతున్నాయి. తయారీ తొందరైంది గానీ పరీక్ష తొందర కాలేదు.

మెదడు పనికి అన్నిటికన్నా ఉపయోగపడేది క్రీ-లాక్స్. తీసెయ్యాలనుకున్న జన్యు ముక్కకు అటూ ఇటూ లాక్స్‌పీ అనే 34 అక్షరాల గుర్తులు పెడతారు. క్రీ అనేది బ్యాక్టీరియాను పట్టే పీ1 వైరస్‌నుంచి తెచ్చిన ఎంజైమ్. అది ఏ కణంలో ఉంటే ఆ కణంలోనే ఆ ముక్క కత్తిరించుకుపోతుంది. ఎంత అవసరమో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. నేర్చుకోవడానికి కీలకమైన ఎన్‌ఎండీఏ గ్రాహకం (పక్క కణం పంపిన సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) లోని ముఖ్యభాగాన్ని ఒళ్లంతా తీసేస్తే పిల్లలు పుట్టిన కొద్ది గంటల్లోనే చనిపోతాయి. వాటి జ్ఞాపకశక్తిని ఎవరు పరీక్షిస్తారు? 1996లో సుసుము టొనెగావా ల్యాబ్‌లో మెదడులో జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లోని సీఏ1 భాగంలో మాత్రమే దాన్ని తీసేస్తే ఎలుకలు బతికాయి, పెరిగాయి, తోవ గుర్తుపెట్టుకోవడంలో వెనకబడ్డాయి. మన ఎస్‌సీఎన్1ఎ విషయంలోనూ 2012లో ముందు మెదడులోని నిరోధక కణాల్లో మాత్రమే తీసేసి చూశారు. ఫిట్స్ వచ్చాయి. 2006లో అనుకున్నది అట్ల గట్టిపడింది.

క్రీ ఎలుకలు తెప్పించుకునేవాళ్లకు రెండు హెచ్చరికలు. క్రీ ఒక్కటే ఉన్న ఎలుకలను కూడా పోలికకు పెట్టాలి. ఎందుకంటే కొన్ని క్రీ వంశాలకు వాటి సొంత లక్షణాలుంటాయి. నెస్టిన్-క్రీ ఎలుకలు మామూలు వాటికన్నా చిన్నగా ఉంటాయి. ఇక సినాప్సిన్-క్రీని మగదానినుంచి దాటిస్తే వృషణాల్లోనే కత్తిరింపు జరిగి, పిల్లల్లో ఒళ్లంతా తీసేసినట్టు కావచ్చు. దాన్ని ఆడదానినుంచే దాటించాలి.

జన్యువు ఒక్కటే చూడకండి

అన్నిటికన్నా ఎక్కువ సేపు చెప్పవలసింది ఇదే. నా మొదటి పెద్ద తప్పూ ఇందులోనే జరిగింది.

హైదరాబాద్‌లో నా రెండో ఏడు. ఒక ట్రాన్స్‌జెనిక్ ఎలుకల గుంపును నీళ్ల తొట్టి పరీక్షలో పెట్టాను. రిచర్డ్ మోరిస్ 1981లో రాసిన పద్ధతి అది: రంగు కలిపిన నీళ్లలో కనపడకుండా మునిగి ఒక చిన్న గద్దె ఉంటుంది, చుట్టూ గోడల గుర్తులు చూసి ఎలుక దాన్ని వెతుక్కోవాలి. నా ఎలుకల్లో సగం ఎన్ని రోజులైనా నేర్చుకోలేదు. జ్ఞాపకం పోగొట్టే జన్యువు దొరికిందని రాత్రి ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పాను. నెల తర్వాత ఒక సీనియర్ అక్క వచ్చి, "గద్దెకు జెండా కట్టి చూసినవా?" అని అడిగింది. కట్టాను. జెండా కనపడుతున్నా అవి గద్దె దగ్గరికి రాలేదు. వాటికి చూపు లేదు. ఆ వంశాన్ని తయారుచేసింది ఎఫ్‌వీబీ జాతి ఎలుకల్లో. ఆ జాతికి ఆర్‌డీ1 అనే మార్పు పుట్టుకతోనే ఉంటుంది, నెలలోపే కంటి వెనక పొర (రెటీనా) చెడిపోతుంది. నేను ఆరు నెలలు కొలిచింది జ్ఞాపకాన్ని కాదు, గుడ్డితనాన్ని.

మీరు జ్ఞాపకం, భయం, కలుపుగోలుతనం ఏది కొలిచినా సరే, దానికి ముందు ఒక వారం కేవలం ఎలుకను చూడటానికి పెట్టుకోండి. బరువు, వెంట్రుకలు, మీసాలు, నడక. కన్ను కనపడుతుందా? చిటికె వేస్తే చెవి కదులుతుందా? ఊకలో దాచిన తిండిని వాసనతో పట్టుకుంటుందా? తిరిగే కడ్డీ మీద నిలబడుతుందా? డీబీఏ/2జే ఎలుకలకు చిన్నవయసులోనే వినికిడి తగ్గుతుంది. మనం అందరం వాడే సీ57బ్లాక్6జే ఎలుకలకూ వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. బ్లాక్6లో కూడా చివర 'జే' ఉన్నదీ 'ఎన్' ఉన్నదీ ఒకటి కాదు. ఎన్‌లో కంటికి సంబంధించిన ఆర్‌డీ8 మార్పు ఉంటుంది. అందుకే నోటుబుక్కులో ఒట్టి "బ్లాక్6" అని రాస్తే నేను సంతకం పెట్టను.

ఇక మన ఎస్‌సీఎన్1ఎ ఎలుక. ఈ విషయం అందరికంటే బాగా నేర్పేది అదే. అదే జన్యువు, అదే లోపం. 129 అనే జాతిలో ఉంచితే ఎలుక దాదాపు మామూలుగా బతుకుతుంది. బ్లాక్6 జాతి కలిసిందంటే ఫిట్స్ వస్తాయి, చాలా పిల్లలు మూడు, నాలుగు వారాల వయసులో చనిపోతాయి. మారింది ఎస్‌సీఎన్1ఎ కాదు, దాని చుట్టూ ఉన్న వేల జన్యువులు. జాతిని పట్టించుకోని పిల్లలు అంగడినుంచి బ్లాక్6 కొనుక్కొచ్చి, పక్కన మిశ్రమజాతి నాకౌట్‌ను పెట్టి పోలుస్తారు. ఆ తేడా జన్యువుదో, జాతిదో, పుట్టిన గదిదో ఎవరూ చెప్పలేరు. రాబర్ట్ గెర్లాయ్ 1996లోనే ఈ ప్రశ్న లేవనెత్తాడు. పోలికకు పెట్టవలసింది ఒకే కాన్పులో, ఒకే తల్లి పాలు తాగి పెరిగిన, లోపం లేని తోబుట్టువులను. ఇందులో మినహాయింపు అడగకండి.

పేరు చదవడం నేర్చుకోండి. ఎలుకల చీటీ మీద "బీ6.129" అని చుక్క ఉంటే, 129లో పుట్టిన మార్పును కనీసం ఐదు తరాలు బ్లాక్6తో తిరిగి తిరిగి జతకట్టించారని అర్థం. "బీ6;129" అని సెమీకోలన్ ఉంటే అది కలగలుపు. చుక్కకూ సెమీకోలన్‌కూ మధ్య కనీసం ఏడాది పని ఉంది. పూర్తిగా పది తరాలు జతకట్టించాలంటే తరానికి పది, పన్నెండు వారాల చొప్పున లెక్కేసుకోండి.

మనకు మాత్రం చుక్కా సెమీకోలన్ రెండూ అక్కర్లేని దారి ఒకటుంది. మా ఊరివాళ్లకు చెబితే నాకన్నా ముందు వాళ్లే అర్థం చేసుకున్నారు. హుజూరాబాద్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి వైపు సీడ్ వరి వేస్తారు. ఆడ వరుసలు, మగ వరుసలు వేరువేరుగా నాటి, పూత టైముకు రెండు పక్కలా నిలబడి తాడు లాగి మగదాని పుప్పొడి ఆడదాని మీద పడేట్టు చేస్తారు. ఆ మొదటితరం వడ్లు మొలిస్తే మడంతా ఒక్క ఎత్తు, ఒక్కసారే కోత. ఆ పంట వడ్లనే దాచి మళ్లీ నాటితే పొట్టీ పొడుగూ అన్నీ కలిసొస్తాయి. మా బాపు ఒక్కటే మాటన్నడు: "అయితే మీ ఎలుకలను గూడ ఒక్కసారే కలపాలె, మల్ల ఇత్తనానికి ఉంచొద్దు."

సరిగ్గా అదే. లోపమున్న జన్యువును 129ఎస్6 జాతిలో (129లోనే ఒక శాఖ) దాచి ఉంచండి. అందులో అవి బతుకుతాయి, ఈనుతాయి. ప్రయోగానికి కావలసినప్పుడు ఆ మగదాన్ని శుద్ధమైన బ్లాక్6జే ఆడదానితో జత కట్టండి. పుట్టిన మొదటితరం పిల్లలన్నిటికీ ప్రతి జన్యువులో ఒక ప్రతి 129ది, ఒక ప్రతి బ్లాక్6ది. వాటిలో సగం లోపమున్నవి, సగం లేనివి. ఒకే కాన్పు, ఒకే మిశ్రమం. తేడా ఎస్‌సీఎన్1ఎలోనూ, దానికి ఆనుకుని వచ్చే కొద్దిపాటి ముక్కలోనూ మాత్రమే. లోపమున్నది తండ్రే కావాలని పట్టుబట్టేది కూడా ఒక కారణంతోనే: తల్లి ఆరోగ్యంగా ఉంటే పిల్లలన్నిటికీ సాకుడు ఒకేలా అందుతుంది. ఆ మొదటితరం పిల్లలను మాత్రం మళ్లీ ఒకదానితో ఒకటి జతకట్టకండి.

దీనికో చిన్న లాభం ఉంది. బ్లాక్6 నలుపు, 129ఎస్6 గోధుమ కలిసిన ఎలుకరంగు. మొదటితరం పిల్లలన్నీ ఆ ఎలుకరంగులోనే పుట్టాలి. పదో రోజు వెంట్రుకలొచ్చాక కాన్పులో ఒక్క నల్ల పిల్ల కనపడినా, మీ తండ్రి ఎలుక శుద్ధమైన 129 కాదని అర్థం. ఆ తండ్రి కాన్పులన్నీ పక్కన పెట్టండి. మాకు ఆగస్టులో అట్ల ఒకటి దొరికింది. ఆ అమ్మాయి రెండు కాన్పులు వదులుకోవలసి వచ్చిందని ఏడ్చింది, నేనూ బాధపడ్డాను, కానీ వదిలేశాం.

కాగితాలు

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 కింద జంతు ప్రయోగాలను పర్యవేక్షించే సీసీఎస్‌ఈఏ అనే కమిటీ ఉంది. పాత పేరు సీపీసీఎస్‌ఈఏ. మీ యానిమల్ హౌస్ దాని దగ్గర రిజిస్టరై ఉండాలి. కాలేజీలో ఎథిక్స్ కమిటీ ముందు ఫారం బి, అంటే ప్రయోగానికి అనుమతి అడిగే దరఖాస్తు, పెట్టాలి. అందులో సీసీఎస్‌ఈఏ పంపిన నామినీ కూర్చుంటారు. జన్యువు మార్చిన జంతువు కాబట్టి సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి కూడా విడిగా కావాలి, విదేశంనుంచి తెప్పిస్తే దిగుమతి అనుమతులు వేరే. ఎలుక బయల్దేరేలోపు ఇవన్నీ చేతిలో ఉండాలి.

కమిటీ తప్పకుండా అడిగేది సంఖ్య గురించి. ఊరికే "60 ఎలుకలు" అని రాయకండి, లెక్క చూపండి. ఒక్కో మందుకు లోపమున్నవి 12 కావాలి. కాన్పుకు సుమారు ఏడు పిల్లలు, అందులో లోపమున్నవి సగం. ఒక కాన్పునుంచి ఒక మందుకు ఒక్కదాన్నే తీసుకుంటే 12 కాన్పులు. తల్లి తినేసినవీ, తేదీకి ముందే చనిపోయేవీ కలుపుకుని 15. ఒకే కాన్పులోని ఆరు పిల్లలను ఆరుగా లెక్కపెడితే మీరు ఎలుకలను పెంచలేదు, అంకెలను పెంచారు. ఆడవి, మగవి రెండూ వాడండి. రసెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు నియమాలు (ఎలుక లేకుండా కుదిరితే మానుకోవడం, తక్కువ వాడటం, బాధ తగ్గించడం) ఫారంలో పెట్టెలు నింపడానికి కాదు. ఏ దశలో ప్రయోగం ఆపి ఎలుకను బాధనుంచి తప్పిస్తారో ముందే రాసిపెట్టండి. మేం రాసింది: ఐదు నిమిషాలు దాటి ఫిట్స్ ఆగకపోతే ఆ ఎలుకతో పరీక్ష అయిపోయినట్టే.

చెవి ముక్క, బ్యాండు

చిట్టెలుక 19 నుంచి 21 రోజులు మోస్తుంది. 21వ రోజు పిల్లలను తల్లినుంచి వేరు చెయ్యడం మామూలు. మన ఎలుకల్లో ఫిట్స్ మొదలయ్యేది సరిగ్గా ఆ వారంలోనే, కాబట్టి అప్పటిదాకా ఆగితే ఏది ఏమిటో తెలియకముందే కొన్ని పోతాయి. మేం 14వ రోజు చెవికి చిన్న రంధ్రం వేస్తాం. ఆ రంధ్రం స్థానమే ఎలుక నంబరు, తీసిన ముక్కే డీఎన్‌ఏ. ఒక పనికి రెండుసార్లు నొప్పించం. ముక్కను పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌లో 95 డిగ్రీల వద్ద అరగంట పెట్టి, ట్రిస్ అనే ద్రావణం కలిపి చల్లబరిస్తే పీసీఆర్‌కు (కావలసిన డీఎన్‌ఏ ముక్కను ఎన్నో ప్రతులుగా పెంచే పద్ధతికి) సిద్ధం. ఖరీదైన కిట్లు అవసరం లేదు.

పీసీఆర్‌లో వచ్చిన డీఎన్‌ఏను జెల్ మీద నడిపితే బ్యాండ్లుగా, అంటే గీతలుగా, కనపడుతుంది. ప్రతి జెల్‌లోనూ లోపమున్నదని ముందే తెలిసిన ఎలుకది ఒకటి, లేనిది ఒకటి, ఒట్టి నీళ్లు ఒకటి నడపండి. నీళ్లలో బ్యాండు వస్తే ఆ జెల్ మొత్తం పారెయ్యండి. మన జతలో తల్లి శుద్ధమైనది కనుక ప్రతి పిల్లకూ మామూలు బ్యాండు తప్పకుండా రావాలి. లోపం బ్యాండు ఒక్కటే కనపడితే అట్లాంటి ఎలుక పుట్టే అవకాశమే లేదు. పీసీఆర్ తప్పింది లేదా ట్యూబు మారింది. రెండు ప్రతులూ పోయిన పిల్లలు ఎట్లాగూ సుమారు 15 రోజులకే చనిపోతాయి. పరీక్ష చేసేవాళ్లకు ఈ ఫలితం తెలియకూడదు. మా దగ్గర జెల్ చూసేది నేను, ఎలుకను చూసేది ఆ అమ్మాయి. మధ్యలో కోడ్ చీటీ ఒక మూసిన కవరులో ఉంటుంది.

గది, ఎండ, డీజే

గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య, 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి. పుస్తకంలో ఒక్క వాక్యం. వరంగల్‌లో మాత్రం అది ఏడాది పొడుగునా పోరాటం. జ్వరానికీ ఎండకూ ఫిట్స్ వచ్చే ఎలుకలను రోహిణి కార్తెలో పెంచాలంటే ఏసీ ఒకటి కాదు, రెండు కావాలి. రెండోది వేరే లైను మీద ఉండాలి. జనరేటర్ ప్రతి సోమవారం నడిపి చూడాలి, ఒక మనిషి ఫోనుకు మోగే థర్మామీటర్ పెట్టాలి. ఇవన్నీ నాకు ముందే తెలిసి పెట్టినవి కావు. ఒక మే నెల సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. నేను చేరేసరికి గదిలో 33 డిగ్రీలు. తెల్లారి మూడు ఎలుకలు వెనక కాళ్లు బార్లా చాచి పడి ఉన్నాయి. ఫిట్స్‌తో పోయినవాటి గుర్తు అది. మూడూ లోపమున్నవే. వేడివల్లే పోయాయని రుజువు చెయ్యలేను, ఈ ఎలుకలు చల్లటి గదిలోనూ అట్ల పోతాయి. ఆ గదిలో ఆ వారం ఉన్న ఎలుకల ఫలితాలు వేటినీ వాడలేదు.

చప్పుడు సంగతి. మన చెవికి అందేది 20 కిలోహెర్ట్జ్ దాకానే, చిట్టెలుక 80 దాటినా వింటుంది. పాత ట్యూబులైటు చోక్, కంప్యూటర్ తెర, నీళ్లు కారే కుళాయి మనకు నిశ్శబ్దం, వాటికి రొద. ఇక వినాయక నిమజ్జనం డీజే అంటే గోడలే అదురుతాయి. పండుగ వద్దనలేం. నిమజ్జనానికి పది రోజుల ముందు, తర్వాత వారం రోజులు కాన్పులు రాకుండా జతల తేదీలు లెక్కేసుకుంటాం. కొత్తగా ఈనిన తల్లి బెదిరితే పిల్లలను తినేస్తుంది. దీపావళికీ అంతే.

కింద పరిచేది మా దగ్గర వరి ఊక. దుమ్ము జల్లించి, ఆటోక్లేవ్ చేసి వాడతాం. గూడు కట్టుకోవడానికి టిష్యూ కాగితం తప్పనిసరి. తోక పట్టి ఎత్తవద్దు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలోకి నడిపించి ఎత్తితే భయం బాగా తగ్గుతుందని లివర్‌పూల్‌లో 2010లో చూపించారు. మగ మనుషుల వాసనకే ఎలుకల ఒత్తిడి పెరిగి, నొప్పికి స్పందన మారుతుందని 2014లో కెనడాలో తేలింది. అందుకే ఒక ప్రయోగం మొదటినుంచి చివరిదాకా ఒక్కరే చెయ్యాలి. మల్లెపూలు, సెంటు, జర్దా ఏవీ గదిలోకి రాకూడదు. 1999లో ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లాండ్ ల్యాబ్‌లు మూడూ ఒకే జాతులు, ఒకే పరికరాలు, ఒకే తేదీలు పెట్టుకుని పరీక్షిస్తే కూడా కొన్ని ఫలితాలు ఊరికో తీరుగా వచ్చాయి. మన గది మన ప్రయోగంలో భాగమే.

వేడి పరీక్ష

ఈ ఎలుకల్లో మందు పనిచేస్తుందా అని చూడటానికి జ్వరాన్నే అనుకరిస్తాం. వయసు చాలా ముఖ్యం. 17, 18 రోజుల పిల్లలకు వేడి పెంచినా ఫిట్స్ రావు, 20 రోజులు దాటినవాటికి వస్తాయి. 2009లో కాటరాల్ బృందమే ఇది చూపించింది. అందుకని పుట్టిన రోజును గంటతో సహా రాయండి. ఉదయం, సాయంత్రం రెండుసార్లు కేజ్‌లు చూస్తేనే అది కుదురుతుంది.

ఎలుకను అరగంట ముందు పరీక్ష గదిలోకి తెచ్చి అలవాటు పడనివ్వండి. వాజలైన్ రాసిన సన్నటి థర్మామీటర్ తీగను మలద్వారంలో మెల్లగా పెట్టి, గాజు జాడీలో ఉంచి, పైన వేడి దీపం. ఒళ్లు వేడిని రెండు నిమిషాలకు అర డిగ్రీ చొప్పున పెంచుతూ పోవాలి. దీపం చేత్తో దూరం దగ్గర జరిపితే ఎగుడుదిగుడవుతుంది. దీపాన్ని నడిపే చిన్న కంట్రోలర్ కొనడమే మేలు. మొదటి ఫిట్ వచ్చిన క్షణం వేడి ఎంతో రాసి, వెంటనే దీపం ఆర్పి, ఎలుకను చల్లటి పలక మీద పెట్టాలి. 42.5 డిగ్రీలదాకా ఏమీ రాకపోతే అక్కడ ఆపాలి. అంతకుమించి పెంచితే మీరు చూసేది వడదెబ్బ. ఫిట్ తీవ్రతను రేసిన్ 1972లో పెట్టిన ఐదు మెట్ల కొలతతో వేసుకోండి, వీడియో తప్పకుండా తియ్యండి. తల ఊపడమా, ముందుకాళ్లు కొట్టుకోవడమా అని ఆ క్షణంలో ఇద్దరం రెండు రకాలుగా చూశాం. వీడియో మెల్లగా తిప్పి చూశాకే ఒప్పుకున్నాం.

సరస్వతి ఆకుకన్నా ముందు నేను ఆ అమ్మాయితో క్లోబజామ్ పెట్టించాను. డ్రావే పిల్లలకు ఇప్పటికే వాడుతున్న మందు అది. పనిచేస్తుందని తెలిసిన మందుతోనే మన జాడీ, మన దీపం, మన చెయ్యి తేడా పట్టుకోలేకపోతే, ఆకురసం పనిచెయ్యలేదని చెప్పే హక్కు మనకు రాదు. మందు కలపని ద్రవం ఒక్కటే ఇచ్చిన గుంపు కూడా ఉండాలి. ఎందుకంటే సూదితో కడుపులోకి ఎక్కించడమే ఎలుకకు ఒక ఒత్తిడి. ఏ రోజు ఏ గుంపు అన్నది చీటీలు తీసి పెట్టండి. పొద్దున అంతా మందువి, మధ్యాహ్నం అంతా మందు లేనివి పెడితే మీరు కొలిచేది గంటను.

పరీక్ష అయిన ఎలుక తిరిగి గూట్లో తిని, తిరిగేదాకా పక్కనే కూర్చోవాలి. ఒక్కో ఎలుకకు ఒక గంట. ఆ అమ్మాయి మొదట్లో ఫోన్ చూసుకునేది. మూడో ఎలుకనుంచి మానేసింది. ఆరో ఎలుకకు ఆలస్యంగా రెండో ఫిట్ వచ్చింది, ఆమె చూస్తున్నది కాబట్టే నోటుబుక్కులోకి ఎక్కింది.

చివర్లో, బతుకు ముగించే రోజు, మత్తు ఇచ్చాక ప్రతి ఎలుకనుంచి తోక ముక్క ఒకటి మళ్లీ తీసి పీసీఆర్ రెండోసారి చెయ్యండి. కోడ్ కవరు తెరిచేది ఆ రెండో ఫలితం మొదటిదానితో సరిపోలాకే. మావాటిలో ఒకటి సరిపోలలేదు, 14వ రోజు పక్కపక్క ట్యూబులు మారాయి. దాన్ని లెక్కలోంచి తీసి, ఎందుకు తీశామో తేదీతో రాసి, ఇద్దరం సంతకం పెట్టాం. తోక ముక్కల డబ్బా మైనస్ 20 ఫ్రీజర్ కింది అరలో, ఐస్ ప్యాకెట్ల వెనక ఉంది. ఆమె థీసిస్ అయిపోయినా దాన్ని తియ్యవద్దని మూత మీద రాసి అంటించాను.